గుమ్మడి రసం ఎవరు పంపారు?

బూటు పట్టలేదు.

గుమ్‌హీ నేలమీద గొంతుక్కూర్చుని భర్త ఎడమ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. మడమ వెనక బూటు తొడిగే రేకు దూర్చి, పళ్ళు బిగపట్టి తోసింది. పాదం సగం దాకా పోయి మొండికేసింది. పోయిన నెలాఖరున దుకాణంలో ఇదే బూటు ఇదే కాలికి వదులైంది. దళసరి మేజోళ్ళు వేసుకుంటే సరిపోతుందిలెండని అమ్మే పిల్ల సర్దిచెప్పింది. తోలు నెల తిరక్కుండా కుంచించుకుపోదు గదా.

ఆవిడ మేజోడు విప్పింది. చీలమండ మీద దాని అంచు గుర్తు లోతుగా దిగి ఉంది. బొటనవేలితో నొక్కితే పిండి ముద్దలో నొక్కినట్టు గుంట పడింది. వేలు తీసేసినా గుంట పూడలేదు.

"ఇదేంటండీ?"

"రాత్రి రామ్యోన్ నూడుల్స్ తిన్నాను. ఉప్పెక్కువైంది," అన్నాడు దూసిక్.

పొద్దున్నే మొహం ఉబ్బినా, కళ్ళు వాచినా దేగు నగరంలో ఎవరి నోటికైనా ముందొచ్చే జవాబు అదే. అడిగినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. గుమ్‌హీ నవ్వలేదు.

"ఎవరింట్లో తిన్నారు?"

"ఎవరింట్లో ఏంటి? మనింట్లోనే."

"పై అరలో రామ్యోన్ కట్ట నేను కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పొద్దున లేచి చూస్తే గిన్నె పొడిగా ఉంటోంది. మొహం మాత్రం రోజూ ఉబ్బుతోంది. వాసన చూసి వదిలేస్తున్నారా?"

దూసిక్ టోపీ సర్దుకున్నాడు. మాట తోచనప్పుడల్లా ఆయన చెయ్యి టోపీ మీదికి పోతుంది. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా బజారు మొదట్లో తొక్ దుకాణం నడుపుతున్నాడు. బియ్యం దంచి, ఆవిరి మీద ఉడికించి, ఊళ్ళో పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ తొక్ పంపేది ఆయనే. ఆ ఆవిర్లో నెత్తిమీద టోపీ తీయడు. ఇంట్లో తీయడు. భోజనం దగ్గరా తీయడు.

నెల రోజులుగా గుమ్‌హీ ఈ మనిషిని కనిపెడుతూనే ఉంది. మొదట ఆడమనిషి అనుకుంది. ఎందుకనుకోదు? అద్దం ముందు నిలబడి వేళ్ళతో నెత్తి తడుముకోవడం, తలుపు గడియ పెట్టుకుని దువ్వుకోవడం, ఆవిడ వస్తే జేబులో ఏదో దాచెయ్యడం. ఈ వయసులో ఇదేం పోయేకాలమని రెండు పూటలు అన్నం కూడా సరిగ్గా తినలేదు. నిన్న ఏప్రాన్ ఉతకబోతే జేబులో మందుల దుకాణం వాళ్ళు ఇచ్చే కాగితప్పొట్లం దొరికింది. అందులో సగానికి విరిచిన తెల్ల మాత్ర. ఆయన వేసుకునే గుండె మందులు ఆవిడకి రంగులతో సహా తెలుసు. వాటిలో ఇది లేదు.

ఆడమనిషి కాదని తేలాక ఆవిడకి ఊరట కలగలేదు. ఇంకా భయమేసింది.

అందుకే కొడుకుని పిలిపించింది. ఆదివారం భోజనం ఉంది. వాడి పెళ్ళికి ముందు రెండు కుటుంబాలూ మొదటిసారి ఎదురెదురుగా కూర్చుని తినే భోజనం. ఇవాళ గురువారం. తండ్రి కాళ్ళు బూట్లలో పట్టడం లేదు.

సేహాన్ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. బల్ల మీద అన్నం, ముల్లంగి పులుసు, వేయించిన చేప పెట్టి ఉన్నాయి. వాటి మధ్య ఆ కాగితప్పొట్లం ఉంది. సేహాన్ చేప వైపు చూడలేదు. పొట్లం వైపు చూశాడు.

"అది నాది," అన్నాడు.

అడక్కముందే అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఇక్కడ ఇంకా ఎవరూ దొంగ అని కూడా అనలేదు.

"నీది మీ నాన్న ఏప్రాన్ జేబులోకి నడిచొచ్చిందా?"

"మొన్న దుకాణానికి వచ్చినప్పుడు పడిపోయుంటుందమ్మా. జుట్టు మాత్రలు. రాలకుండా ముందు జాగ్రత్తగా వేసుకుంటున్నాను."

గుమ్‌హీ కొడుకు తల వైపు చూసింది. ఒత్తుగా, నల్లగా, తన పుట్టింటి వాళ్ళ జుట్టు. చిన్నప్పుడు మంగలి కత్తెర మొండిబారుతోందని విసుక్కునేవాడు.

"నీకా? జుట్టు మాత్రలా?"

"రేపు రాలదని ఏముంది? పెళ్ళికొడుకు తల చూడొద్దు, వాళ్ళ నాన్న తల చూడమంటారు కదా అందరూ."

ఆ మాట అని నాలుక కరుచుకున్నాడు. దూసిక్ చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"అసలీ మాత్ర ఏంటి?" గుమ్‌హీ అడిగింది.

"అసలు బీపీకి కనిపెట్టిందట. వేసుకున్నవాళ్ళకి జుట్టు మొలుస్తోందని తెలిసి ఇప్పుడు దానికి వాడుతున్నారు. తక్కువ మోతాదులో. అందరూ వేసుకుంటారమ్మా. మా ఆఫీసులోనే ఎంతమందో."

"బీపీ మందా?" అంది ఆవిడ. "అది మీ నాన్నగానీ మింగితే?"

"నాన్న ఎందుకు మింగుతారు?"

"నేనడిగేది కూడా అదే. ఈయన కాళ్ళు చూడు. మొహం చూడు. మొన్న మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డారు."

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకమ్మా. చలికాలం వస్తోంది, వయసైంది, ఉప్పు తింటారు. కాళ్ళు వాచవా?" అంటూ ఫోను తీశాడు సేహాన్. "కావాలంటే విను. కాళ్ళవాపు రావొచ్చు, గుండె దడ రావొచ్చు, గుండె చుట్టూ నీరు చేరడం చాలా అరుదు. చాలా అరుదు అని ఉంది."

వెతుక్కోకుండానే దొరికింది వాడికి ఆ పేజీ. గుమ్‌హీ అది గమనించింది.

"అరుదంటే? దానికి మనింటి గడప తెలియదనా?"

"అమ్మా."

"ఇదంతా ఎప్పుడు చదివావు?"

"ఎప్పుడో."

"నీ గుండెకేం లేదు కదా. నువ్వెందుకు చదివావు గుండె గురించి?"

సేహాన్ ఫోను జేబులో పెట్టుకుని చేప ముల్లు తీయడంలో పడ్డాడు. ముల్లు లేని చోట కూడా తీశాడు.

రెండేళ్ళ కిందట దూసిక్ గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆ సంగతి ఈ బల్ల దగ్గరున్న ముగ్గురికే తెలుసు. బంధువులకి నడుము వైద్యమని చెప్పారు. కొడుక్కి సంబంధం కుదిరాక ఆ గుట్టు ఇంకా బిగిసింది. కాబోయే కోడలు బోరా ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా గుండె మందుల పొట్లాలు బియ్యప్పిండి డబ్బాలోకి పోతాయి. వెళ్ళాక పిండి దులుపుకుని బయటికొస్తాయి. తండ్రికి గుండె జబ్బుంటే కొడుక్కీ వస్తుందని లెక్క కట్టే లోకం ఇది. బట్టతలకే అంత కొలతలు తీసేవాళ్ళు గుండె అంటే ఊరుకుంటారా? పెళ్ళి అయ్యేదాకా ఆ మాట గడప దాటకూడదని గుమ్‌హీ ఇద్దరి చేతా ఒట్టు వేయించింది.

"రేపు పొద్దున సొక్ డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది ఆవిడ.

"ఆదివారం అయ్యాక వెళ్దాంలే," అన్నాడు దూసిక్. సాయంత్రమంతా ఆయన అన్న మొదటి మాట అది.

"అవునమ్మా, సోమవారం నేనే తీసుకెళ్తాను," అన్నాడు సేహాన్ వెంటనే.

తండ్రీ కొడుకులు దేనికీ ఇంత తొందరగా ఒక మాట మీదికి రారు. గుమ్‌హీ ఫ్రిజ్ తెరిచి గుమ్మడి రసం ప్యాకెట్ ఒకటి తీసి, కత్తిరించి గ్లాసులో పోసి భర్త ముందు పెట్టింది. వాపుకి అదే మందని ఆవిడ నమ్మకం, వాళ్ళమ్మ నమ్మకం, వాళ్ళ అమ్మమ్మ నమ్మకం. కాబోయే వియ్యపురాలు పెట్టెడు పంపింది. మంచి మనిషి అనుకుంది గుమ్‌హీ. దూసిక్ కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు.

శుక్రవారం పొద్దున్నే ఆవిడ దుకాణం తలుపుకి సెలవు కాగితం అంటించి భర్తని రెక్క పట్టుకుని టాక్సీ ఎక్కించింది.

రెండేళ్ళుగా దూసిక్ గుండె చూస్తున్న సొక్ డాక్టరు మాటకి ముందు నవ్వే అలవాటు లేని మనిషి. యాభై ఏళ్ళుంటాయి. కాలు నొక్కి చూసింది. బరువు తూయించింది. బీపీ చూడ్డానికి చొక్కా చెయ్యి పైకి మడిచి అక్కడే ఆగిపోయింది.

"చేతుల మీద ఈ వెంట్రుకలు ఎప్పటినుంచి?"

దూసిక్ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. మోచేతి దాకా నల్లగా, పొడుగ్గా వెంట్రుకలు. గుమ్‌హీ చూడకపోలేదు. ఆవిరికి మసకగా కనిపిస్తోందనుకుంది. చూసి కూడా చూడలేదని ఇప్పుడు ఒళ్ళు మండింది.

"టోపీ తీయండి."

"డాక్టరుగారూ..."

"తీయండి."

తీశాడు. నున్నటి నెత్తి మీద సన్నని నల్ల నూగు. పసిపిల్లల తల మీద ఉండేలాంటిది. గుమ్‌హీ భర్త తలని వెలుతురులో చూసి ఎన్నాళ్ళయిందో. ఆ నూగు చూసి ఆవిడకి కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది, దాంతో ఇంకా కోపం వచ్చింది.

"జుట్టు కోసం ఏం వేసుకుంటున్నారు?"

ఆయన మాత్ర పేరు చెప్పాడు. డాక్టరు ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, యంత్రంలో గుండెని చాలాసేపు చూసింది.

"గుండె చుట్టూ ఉండే పొరలో కొంచెం నీరు చేరింది," అంది చివరికి. "ఇప్పటికి కొంచెమే."

"ఆ మాత్ర వల్లేనా?" గుమ్‌హీ అడిగింది.

"ఆపి చూడాలి. ఆపాక తగ్గితే మాత్రే. తగ్గకపోతే నేను వేరే కారణం వెతకాలి. అనుమానం మాత్రం దాని మీదే."

"అది అందరూ వేసుకుంటారట. అరుదట. మా అబ్బాయి చెప్పాడు."

"మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. తక్కువ మోతాదులో చాలామంది వేసుకుంటున్నారు. చాలామందికి ఏమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి, పరీక్షలు చేయించుకుని, మధ్యమధ్య చూపించుకుంటూ వేసుకుంటానంటే నేను వద్దని కేకలెయ్యను." డాక్టరు దూసిక్ వైపు తిరిగింది. "మీరు ఆ చాలామందిలో లేరు. ఆ మందు రక్తనాళాల్ని వదులు చేస్తుంది. ఒంట్లో నీరు నిలుస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. మంచి గుండె ఆ పరుగు తట్టుకుంటుంది. స్టెంటు వేసిన గుండెని ఎవరైనా పరిగెత్తిస్తారా? ఎంత వేసుకున్నారు?"

"సగం."

"సగమేనా?"

"ఈ నెల్లో రోజుకి రెండు సగాలు," అన్నాడు దూసిక్, గోడకి చెబుతున్నట్టు. "ఆదివారం దగ్గర పడుతోందని."

తల మీద నాలుగు వెంట్రుకల కోసం కొరివితో తల గోక్కున్నాడు ఈ మనిషి. అదీ తెలిసి.

"కాళ్ళు వాచాక కూడా వేసుకున్నారా?"

"ఆపితే మొలిచింది కూడా రాలిపోతుందట. ఆదివారం దాకా ఉంటే చాలనుకున్నాను. ఒక్కపూట. వాళ్ళ ముందు టోపీ లేకుండా కూర్చోవాలని."

డాక్టరు కంప్యూటర్లో రాస్తూ అడిగింది. "ఈ మందు రాసిన డాక్టరు గుండె సంగతి అడగలేదా?"

"అడిగారు."

"మీరేం చెప్పారు?"

"ఏం లేదన్నాను."

"ఎందుకండీ?" గుమ్‌హీ అంది. "బీపీ మందు అని తెలిసి, గుండె గురించి అడిగితే, ఏం లేదని ఎందుకన్నారు?"

దూసిక్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

మాత్ర ఈ క్షణం నుంచీ బంద్. నీరు పోవడానికి మందు రాశారు. బస్తాలు ఎత్తకూడదు. ఆయాసం పెరిగినా, ఛాతీ పట్టేసినా, పడుకుంటే ఊపిరాడకపోయినా నా దగ్గరికి రావద్దు, తిన్నగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పొమ్మంది డాక్టరు. ఆదివారం భోజనానికి వెళ్ళొచ్చా అని గుమ్‌హీ అడిగితే, "ఉప్పు లేకుండా తిని, కూర్చుని, లేచి వచ్చేటట్టయితే," అంది.

తిరుగు టాక్సీ ఎక్కారు.

"సేహాన్ తనవన్నాడు. మీరేమో డాక్టరు రాశాడంటున్నారు," అంది గుమ్‌హీ. "ఇద్దర్లో ఎవరిది అబద్ధం?"

"వాడిది. నా కోసమేలే."

"మీ కోసమా, ఇంకెవరి కోసమైనానా?"

దూసిక్ టోపీ అంచు కిందికి లాక్కున్నాడు.

"ఆ డాక్టరు దగ్గరికి ఒక్కరే వెళ్ళారా?"

దూసిక్ కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డు పక్క గింకో చెట్ల ఆకులు పసుపుపచ్చగా రాలిపడుతున్నాయి. వాటిని ఆయన జన్మలో మొదటిసారి చూసినట్టు చూశాడు.

"సేహాన్ వాళ్ళమ్మా, నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. అది మాత్రం అడక్కు."

అంటే ఒక్కడే వెళ్ళలేదు.

ఇంటికి వచ్చి ఆయన్ని పడుకోబెట్టి గుమ్‌హీ వంటింట్లోకి వెళ్ళింది. ఆకలి లేదు. ఊరికే ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో గుమ్మడి రసం ప్యాకెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తూ అలాగే నిలబడిపోయింది. ఫ్రిజ్ కీ కీ మని అరవడం మొదలుపెట్టినా తలుపు వెయ్యలేదు.

కాళ్ళు వాచాయని తనకి నిన్న తెలిసింది. ఈ పెట్టె వచ్చింది పోయిన వారం. ఆరోగ్యంగా ఉన్న ఇంటికి ఎవరూ గుమ్మడి రసం పంపరు. బాలింతకి పంపుతారు, ఆపరేషన్ అయినవాళ్ళకి పంపుతారు, వాపున్నవాళ్ళకి పంపుతారు. కట్టుకున్న దానికి తెలియని వాపు వియ్యాలవారింటికి ఎలా తెలిసింది?

శనివారం మధ్యాహ్నం బోరా దుకాణానికి వచ్చింది. చేతిలో ఇంకో పెట్టె. పిల్లల బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి. పెద్ద గొంతుతో నవ్వుతుంది. చూసినప్పుడల్లా ఆ నల్లటి జుట్టుని గుమ్‌హీ లోలోపల మెచ్చుకునేది. మనవలకి రెండువైపులా కలిసొస్తుందని కూడా అనుకుంది.

"అత్తయ్యా, మామయ్య ఎలా ఉన్నారు? ఫోను ఎత్తట్లేదు."

"నీకెందుకు ఎత్తాలి?" అంది గుమ్‌హీ. లోపలి గదిలో దూసిక్ పడుకుని ఉన్నాడు. ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ పెట్టె ఎవరు పంపారు?"

"మా అమ్మ."

"మీ అమ్మకి ఫోను చేసి థాంక్స్ చెప్పనా?"

ఇలాంటి ప్రశ్నకి అబద్ధం చెప్పేవాళ్ళు తొందరపడతారు. బోరా తొందరపడలేదు. పెట్టె బల్ల మీద పెట్టింది.

"వద్దు. మా అమ్మకి తెలియదు. నేనే కొన్నాను. మామయ్య కాళ్ళు వాచాయన్నారు. ఉప్పు వల్లేమో అనుకున్నాం ఇద్దరం. మీకు చెప్పొద్దు, కంగారు పడతారన్నారు. అందుకని అమ్మ పేరు చెప్పాను."

"కాళ్ళు వాచితే కాబోయే కోడలికి చెప్పుకుంటాడా మగాడు? నువ్వేనా ఆయన్ని తీసుకెళ్ళింది?"

"నేనే."

గుమ్‌హీ ఈ జవాబు కోసమే నిన్నటినుంచీ కాచుకుంది. తిట్లు కూడా వరస కట్టి పెట్టుకుంది. ఇంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆ వరస చెదిరిపోయింది.

"జుట్టు లేని మామగారు మీ ఇంటికి నామోషీ అనా?"

బోరా బల్ల మీది తడి గుడ్డ తీసుకుంది. క్లిప్పు ఊడదీసి, పాపిట మీద ఆ గుడ్డతో గట్టిగా తుడిచింది. గుడ్డకి నల్లగా పొడి అంటుకుంది. పాపిట రెండు వేళ్ళ వెడల్పున తెల్లగా బయటపడింది.

"నేనూ అదే మాత్ర వేసుకుంటాను అత్తయ్యా. పావు ముక్క. గుండె పరీక్ష చేయించుకున్నాకే రాసిచ్చారు. పిల్లలు కావాలనుకుంటే ముందే ఆపేయాలన్నారు. సేహాన్‌కి తెలుసు. మా అమ్మకి తెలియదు. ఊళ్ళోవాళ్ళ నాన్నల తలలు కొలిచే మనిషికి కూతురి పాపిట కనపడదు."

గుమ్‌హీ చెయ్యి తన పాపిట మీదికి పోయింది.

"ఎండాకాలంలో మామయ్య నన్నడిగారు, మీ అమ్మ నా గురించి ఏమన్నా అందా అని. ఆ మనిషి టోపీ తీయడేం, ఏదో దాస్తున్నాడు అందని చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. జాలేసింది. నేను వెళ్ళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడిదాకా తప్పు నాదే."

"అక్కడిదాకానా?"

"డాక్టరు అడిగారు, గుండె జబ్బు ఏదైనా ఉందా అని. మామయ్య నా వైపు చూశారు. చూసి, లేదన్నారు. నేను పక్కనుంచి, మామయ్య రోజూ బియ్యం బస్తాలు మోస్తారు డాక్టరుగారూ, ఆయనకేంటి అన్నాను." బోరా చేతిలో గుడ్డ మడిచి మళ్ళీ విప్పింది. "ఎందుకు నా వైపు చూశారా అని అప్పుడనుకోలేదు. నిన్న, మాత్ర ఆపేశాను అని ఒక్క ముక్క పంపారు. రాత్రంతా అదే గుర్తొస్తోంది. ఆయనకి ఏమైంది అత్తయ్యా? ఏదైనా ఉందా?"

ఎందుకు చూశాడో గుమ్‌హీకి తెలుసు. బోరా ముందు ఆ మాట రాకూడదని ఒట్టు వేయించుకుంది తనే. డాక్టరు అడిగినా, యముడు అడిగినా బోరా పక్కనుంటే చెప్పకూడదని ఆయన అర్థం చేసుకున్నాడు. నిన్న ఆ గదిలో తన మొహంలోకి చూసి ఊరుకున్నది కూడా అందుకే.

అయినా నోరు అలవాటు మానలేదు.

"ఏముంటుంది? నడుము నొప్పి. ఎప్పటినుంచో ఉన్నదే," అంది. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, వచ్చినందుకు సిగ్గు కూడా వేసింది, అయినా అనేసింది. "బోరా, నీ మాత్రల సంగతి మీ అమ్మకి తెలియదన్నావు కదా."

"అయితే?"

"తెలియాల్సిన పని కూడా లేదులే. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. నీది నా దగ్గర ఉంటుంది, మాది..."

ఆ మాట పూర్తికాలేదు. వెనక ఏదో ఈడ్చిన చప్పుడు. దూసిక్ లేచి వచ్చాడు. పొద్దున వచ్చిన బియ్యం బస్తా దారికడ్డంగా ఉంది. కోడలు వచ్చిందని, దారి తీద్దామని, ముప్పై ఏళ్ళ అలవాటుగా నడుం వంచి రెండు చేతులా బస్తా చెవులు పట్టుకున్నాడు.

"వదలండి," అని గుమ్‌హీ అరిచిన అరుపుకి బజార్లో పోయేవాళ్ళు ఆగారు. "గుండెలో స్టెంటు పెట్టుకుని బస్తాలెత్తుతారా? చచ్చిపోతారు."

దూసిక్ బస్తా వదిలేసి దాని మీదే కూలబడ్డాడు. ఆయాసంగా ఊపిరి తీస్తున్నాడు. గుమ్‌హీ పరుగున వెళ్ళి పక్కన కూర్చుని వీపు రాసింది. రెండేళ్ళు పిండి డబ్బాలో దాచిన మాట బయటపడిపోయింది. విచిత్రం, ఆ నిమిషానికి ఆవిడకి పెళ్ళి గుర్తుకు రాలేదు. ఆయన ఊపిరి ఒక్కటే వింటోంది. అది కాసేపటికి నెమ్మదించింది.

బోరా కదల్లేదు. నల్లబడిన గుడ్డ ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది.

"స్టెంటా?" అంది. "ఎప్పుడు?"

"రెండేళ్ళయింది," అన్నాడు దూసిక్. "నీ తప్పేం లేదమ్మా. నేనే లేదన్నాను."

"ఎవరెవరికి తెలుసు?"

"మాకే," అంది గుమ్‌హీ. "మా ముగ్గురికే."

"ముగ్గురంటే?"

ఆవిడకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నాకు, ఈయనకి, సేహాన్‌కి."

బోరా కూర్చోవడానికి ఏదైనా ఉందేమోనని అటూ ఇటూ చూసి, ఏమీ దొరక్క బల్ల పట్టుకుంది.

"సేహాన్‌కి తెలుసా?"

"కన్నతండ్రి గుండె సంగతి వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రిలో పడుకుంది వాడే."

"మామయ్యని తీసుకెళ్ళిన రోజు సాయంత్రమే నేను సేహాన్‌కి చెప్పాను అత్తయ్యా," అంది బోరా. "ఏ మాత్ర రాశారో కూడా చూపించాను. కాసేపు ఫోన్లో ఏదో చదువుకున్నాడు. చదివి, మంచి పని చేశావన్నాడు."

గుమ్‌హీ చెయ్యి భర్త వీపు మీద ఆగిపోయింది. దూసిక్ తల ఎత్తలేదు. ఆయనకి ఇది కొత్త సంగతో, ఇంకో ఒట్టో, ఆవిడకి తెలియలేదు.

బయట కారు ఆగింది. సేహాన్ చంకలో అట్టపెట్టె పెట్టుకుని హుషారుగా లోపలికి వచ్చాడు.

"నాన్నా, బూట్లు మార్చి తెచ్చాను," అన్నాడు. "ఒక సైజు పెద్దవి. ఇవి పడతాయి చూడండి."